ప్లేట్‌లెట్లు పడిపోతే డెంగ్యూయేనా? లైనజోలిడ్ వాడిన ఒక పెద్దావిడ కేసు

ఈ కేసులో పేషెంటు కోలుకుంది. అయినా రాస్తున్నాను. అసలు కారణం మా వార్డులోనే, ఆమె తలగడ కింద ఉంది. మేం మాత్రం మూడు రోజులు వేరేచోట వెతికాం. ఆ మూడు రోజులూ ఏ ఆలోచనతో ఏ నిర్ణయం తీసుకున్నామో, ఎక్కడ తప్పామో దాచకుండా రాస్తేనే ఇంకో డాక్టరుకి, ఇంకో నర్సుకి, ఇంట్లో పెద్దవాళ్లకి మందులు వేసే వాళ్లకి పనికొస్తుంది. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరు, ఆసుపత్రి, గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేపథ్యం

పేషెంటు అరవై దాటిన గృహిణి. పద్దెనిమిదేళ్లుగా షుగర్, దానితోపాటు బీపీ. షుగర్ వల్ల కిడ్నీల పనితీరు కొంత తగ్గింది, క్రియాటినిన్ 1.7 దగ్గర నిలకడగా ఉండేది. రెండు పూటలా ఇన్సులిన్, తక్కువ మోతాదులో మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్, ఆస్పిరిన్ 75, కాళ్ల మంటలకి రాత్రిపూట ప్రెగాబాలిన్ వాడుతోంది.

మా దగ్గరికి రావడానికి ఆరేడు వారాల ముందు కుడికాలి రెండో వేలికి చెప్పు కరిచి పుండైంది. స్పర్శ తగ్గిన కాలు కాబట్టి నొప్పి తెలియలేదు. తెలిసేసరికి చీము ఎముకదాకా వెళ్లింది. సిటీలో ఒక ఆసుపత్రిలో వేలు తీసేశారు. తీసిన ఎముక ముక్కని కల్చర్‌కి పంపితే ఎమ్మార్‌ఎస్‌ఏ, అంటే చాలా మామూలు యాంటీబయాటిక్స్‌కి లొంగని స్టాఫ్ బాక్టీరియా, పెరిగింది. ఆరు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి, తర్వాత లైనజోలిడ్ అనే యాంటీబయాటిక్ 600 మిల్లీగ్రాముల మాత్రలు రోజుకి రెండు రాసి ఇంటికి పంపారు.

ఆ ఎంపికని నేను తప్పు పట్టను. ఎమ్మార్‌ఎస్‌ఏ మీద బాగా పనిచేసే మందు, ఎముకలోకీ చేరుతుంది. నోటి ద్వారా వేసుకున్నా దాదాపు మొత్తం రక్తంలోకి వెళ్తుంది కాబట్టి ఇంజెక్షన్ కోసం ఆసుపత్రిలో ఉండక్కర్లేదు. కిడ్నీ బాగోకపోయినా మోతాదు తగ్గించాలని పుస్తకం చెప్పదు. ఇంటికి వెళ్లాలని తొందరపడే షుగర్ పేషెంటుకి ఇంతకంటే వీలైన మందు దొరకడం కష్టం.

డిశ్చార్జి సమ్మరీలో మాత్రం ఆ మందు ఎదురుగా "రివ్యూ వరకు కొనసాగించాలి" అని ఉంది. రివ్యూ ఎప్పుడో లేదు. మధ్యలో రక్తపరీక్ష చేయించమని లేదు. డ్రెస్సింగ్ ఊళ్లోనే జరిగిపోతోంది, పుండు మానుతోంది. సిటీకి మళ్లీ వెళ్లాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు. మాత్రలు అయిపోయినప్పుడల్లా పాత చీటీ చూపిస్తే మెడికల్ షాపులో ఇచ్చేవారు.

వచ్చిన రోజు

అది సెప్టెంబరు నెల. మా మెడికల్ వార్డులో సగం మంచాలు జ్వరాలవే. పది రోజులుగా నీరసం, వికారం, తిండి సయించకపోవడం, చివరి మూడు రోజులు ఒళ్లు వెచ్చగా ఉండటం, ఇవీ ఆమె బాధలు. ఊళ్లో ఆర్‌ఎంపీ రక్తపరీక్ష చేయిస్తే ప్లేట్‌లెట్లు 58,000 వచ్చాయి. కార్డు టెస్టులో డెంగ్యూ ఎన్‌ఎస్1 (వైరస్ ప్రొటీన్) నెగటివ్, ఐజీఎం (వైరస్ మీద ఒళ్లు తయారుచేసే యాంటీబాడీ) పాజిటివ్. వాళ్ల వీధిలో అప్పటికే ఇద్దరికి డెంగ్యూ. ఇంట్లోవాళ్లు నాలుగు రోజులుగా బొప్పాయి ఆకు రసం తాగిస్తున్నారు, కివీ పళ్లు తినిపిస్తున్నారు. ఆ రసం చేదుకి ఉన్న కాస్త తిండీ వాంతి అయిపోతోందని కోడలు చెప్పింది.

అడ్మిషన్ అప్పుడు జ్వరం 99.4, నాడి 104, బీపీ 118/70. మనిషి బాగా పాలిపోయి ఉంది. సిస్టర్ బీపీ చూసి పట్టీ విప్పగానే దాని కింద మోచేతి మడతలో ఎర్రటి చుక్కలు, గుండుసూది మొనతో పొడిచినట్టు, పది పదిహేను కనిపించాయి. పిక్కల మీద కూడా కొన్ని ఉన్నాయి. చిగుళ్ల నుంచి రక్తం లేదు. కాలి గాయం శుభ్రంగా, ఎర్రటి కొత్త కండ పట్టి ఉంది.

ప్లేట్‌లెట్లు 42,000. హిమోగ్లోబిన్ 7.8, పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) 23.5. తెల్లకణాలు 3,600. క్రియాటినిన్ 2.1.

కేస్ షీటు మీద నేనే రాశాను: "డెంగ్యూ జ్వరం, వార్నింగ్ సైన్స్‌తో." ఆ సీజన్లో, ఆ వీధి నుంచి, ఆ కార్డుతో వచ్చిన మనిషికి వేరే పేరు తట్టలేదు. పాలిపోవడం కనిపించింది. షుగర్, కిడ్నీ ఉన్నవాళ్లకి రక్తం తక్కువ ఉండటం మామూలే కదా అనుకున్నాను. ఈ "మామూలే కదా" దగ్గరే మొదటి తప్పు జరిగింది.

మందుల చరిత్ర జూనియర్ డాక్టర్ అడిగాడు. "ఏం మందులు వాడుతున్నారమ్మా?" అంటే "షుగర్‌కి, బీపీకి, కాళ్ల మంటలకి" అని సమాధానం. అదే రాశాడు. కాలి ఆపరేషన్ సంగతి కూడా రాశాడు, "గాయం మానుతోంది" అని. ఆ గాయానికి ఇంకా ఏదైనా మందు నడుస్తోందా అని అతనూ అడగలేదు, నేనూ అడగలేదు.

మొదటి మూడు రోజులు

డెంగ్యూ అనుకున్నాక చేసేవన్నీ వరసగా చేశాం. కిడ్నీ బాగోలేదు కాబట్టి సెలైన్ ఆచితూచి ఎక్కించాం. ఆస్పిరిన్ ఆపేశాం. వాంతులు, క్రియాటినిన్ చూసి మెట్‌ఫార్మిన్ కూడా ఆపాం. ఎనిమిది గంటలకోసారి పీసీవీ చూశాం. మొదటి రాత్రి షుగర్ 68కి పడింది. తినడం లేదు కదా అని ఇన్సులిన్ తగ్గించాం.

రెండో రోజు ప్లేట్‌లెట్లు 35,000. ఇక ఫోన్లు మొదలయ్యాయి. జ్వరాల సీజన్లో మన దగ్గర పేషెంటు ఎలా ఉన్నారని ఎవరూ అడగరు, "కౌంట్ ఎంత?" అని అడుగుతారు. అమెరికాలో ఉన్న కొడుకు ప్రతి రిపోర్టూ వాట్సాప్‌లో తెప్పించుకుని, "ప్లేట్‌లెట్స్ ఎందుకు ఎక్కించట్లేదు డాక్టర్‌గారూ?" అని అడిగాడు. రక్తస్రావం లేనప్పుడు 10,000 దాకా సాధారణంగా అవసరం రాదని చెప్పాను. రాత్రికి టెన్షన్ ఇంకా పెరిగింది. అల్లుడు డోనర్లని వెంటబెట్టుకుని వచ్చేశాడు. నేను మెత్తబడి నాలుగు యూనిట్లు ఎక్కించమన్నాను. పొద్దునకి 44,000 వచ్చింది, సాయంత్రానికి 29,000కి దిగింది. ఆ నాలుగు యూనిట్లు ఆమెకి ఏమీ చేయలేదు. పైగా మేం సరైన దారిలోనే ఉన్నామని ఒక పూట అందరికీ నమ్మకం కలిగించాయి. ఆ నష్టం ఎక్కువ.

ఇప్పుడు వెనక్కి చూస్తే మొదటి రాత్రే పట్టుకోవాల్సిన ఆధారం పీసీవీ. డెంగ్యూలో రక్తనాళాల్లోంచి ప్లాస్మా బయటికి కారిపోతుంది, అందువల్ల మిగిలిన రక్తం చిక్కబడి పీసీవీ పెరుగుతుంది. డెంగ్యూ వార్డులో మనం భయపడేదే ఆ పెరుగుదలకి. ఈమెకి 23.5 నుంచి 22, తర్వాత 21.5. సెలైన్ వల్ల పలచబడింది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఎక్కించిందే కొంచెం. దానికే అంత పలచబడదు. డయాగ్నసిస్ ముందే రాసేసుకున్నాక, దానికి సరిపడని అంకె వచ్చినప్పుడు డయాగ్నసిస్‌ని కాకుండా అంకెనే సవరించుకుంటాం. నేను చేసింది అదే.

తలగడ కింద కవరు

మూడో రోజు రౌండ్స్‌లో షీటు మొదటినుంచి మళ్లీ చదివాను. మూడు విషయాలు పొసగలేదు. పీసీవీ సంగతి చెప్పాను. రెండోది, జ్వరం తగ్గి రెండు రోజులైంది, మనిషికి కడుపులో నీరు లేదు, ఊపిరితిత్తుల చుట్టూ నీరు లేదు, అయినా ప్లేట్‌లెట్లు తిరగబడి పెరిగే సూచనే లేదు. మూడోది నీరసం. జ్వరం మూడు రోజులదే, నీరసం అంతకంటే చాలా ముందునుంచీ ఉంది. అయితే ఈ రక్తహీనత ఎప్పటిది? సిటీ ఆసుపత్రి కాగితాలు తెప్పించమని కోడల్ని అడిగాను.

"ఫోన్లో ఉన్నాయండీ, చూపిస్తాను. ఒక్క నిమిషం, అత్తయ్యకి మాత్ర వేసేసి..." అంటూ ఆమె తలగడ కింద నుంచి పాలిథీన్ కవరు తీసింది. అందులోంచి ఒక తెల్లటి పెద్ద మాత్ర చేతిలో వేసి గ్లాసు అందించబోయింది.

"అదేం మాత్రమ్మా?"

"కాలి పుండుదండీ. రెండు పూటలా మానకుండా వేయమన్నారు. ఇక్కడికొచ్చాక కూడా ఒక్క పూట తప్పించలేదు."

స్ట్రిప్పు చేతిలోకి తీసుకున్నాను. షాపులో కావలసినన్ని కత్తిరించి ఇచ్చిన ముక్క. పేరున్న వైపు లేదు. వెండిరంగు రేకు మీద 600 అన్న అంకె, దాని పక్కన తెగిపోయిన ఒకటి రెండు అక్షరాలు, అంతే. ఆ అంకె చూడగానే నాకు అర్థమైంది. ఫోన్లో డిశ్చార్జి సమ్మరీ చూసి రూఢి చేసుకున్నాను. లైనజోలిడ్. తేదీలు లెక్కపెడితే అడ్మిట్ అయిన రోజుకి ముప్పైఆరో రోజు. మా వార్డులో, మా కళ్లెదుటే మూడో రోజుదాకా నడిచింది.

ఇందులో కోడలి తప్పు ఇసుమంత కూడా లేదు. చెప్పింది చెప్పినట్టు చేసింది. షుగర్‌కి, బీపీకి వేసేవి ఆమె లెక్కలో "మందులు". ఇది "ఆపరేషన్ వాళ్లు ఇచ్చిన పుండు మాత్ర". మేం అడిగిన ప్రశ్నకి ఆమె సరిగ్గానే జవాబు చెప్పింది. మేం అడగాల్సిన తీరు వేరు.

ఆ కాగితాల్లోనే వేలు తీసినప్పటి కౌంట్లు కూడా ఉన్నాయి: హిమోగ్లోబిన్ 10.4, తెల్లకణాలు 8,900, ప్లేట్‌లెట్లు 2,12,000. అంటే ఆరు వారాల్లో మూడు రకాల కణాలూ పడ్డాయి. ఒక్క ప్లేట్‌లెట్లే పడిన కేసుగా చూడటం మా రెండో తప్పు.

లైనజోలిడ్ రక్తాన్ని ఎలా దెబ్బతీస్తుంది

ఈ మందు బాక్టీరియాలో ప్రొటీన్ తయారుచేసే రైబోజోమ్‌ని పట్టుకుని ఆపేస్తుంది. మన కణాల రైబోజోమ్‌లు వేరే రకం కాబట్టి వాటిని ముట్టుకోదు. కానీ మన కణాల్లోపల శక్తినిచ్చే మైటోకాండ్రియాలకి సొంత రైబోజోమ్‌లు ఉంటాయి, వాటికి బాక్టీరియా రైబోజోమ్‌తో దగ్గరి పోలిక. కొద్ది రోజుల వాడకంలో ఆ పోలిక వల్ల పెద్ద ఇబ్బంది రాదు. వారాల తరబడి వాడితే, రాత్రింబవళ్లు కొత్త కణాలు తయారుచేసే ఎముక మజ్జ మొదట దెబ్బతింటుంది. నరాలు, కంటి నరం తర్వాత. శక్తి తయారీ కుంటుపడితే రక్తంలో లాక్టేట్ పెరుగుతుంది, మనిషికి వికారం, వాంతులు, ఆయాసం వస్తాయి. ఒకప్పుడు టైఫాయిడ్‌కి విరివిగా వాడిన క్లోరాంఫెనికాల్ కూడా ఈ దారిలోనే మజ్జని అణచేది. దానికి ఇంకో అరుదైన రూపం ఉండేది, మందు ఆపినా మజ్జ తిరిగి కోలుకోనిది. లైనజోలిడ్ దెబ్బ సాధారణంగా మందు ఆపితే సర్దుకుంటుంది. తర్వాతి రోజుల్లో నేను ఓపిగ్గా ఆగగలిగింది ఈ తేడా తెలిసి ఉండటం వల్లే.

2000లో అమెరికాలో అనుమతి వచ్చిన ఈ మందు కాగితంలో రెండు మాటలు ఉంటాయి: వారానికోసారి సీబీసీ (రక్తకణాల లెక్క) చూడాలి, 28 రోజులకి మించి వాడితే ఎంత సురక్షితమో నియంత్రిత పరీక్షల్లో తేల్చలేదు. కిడ్నీ పాడైనవాళ్లలో మోతాదు మార్చనక్కర్లేదన్నది నిజమే, కానీ వాళ్లలో మందు విరిగిన పదార్థాలు పేరుకుంటాయి, ప్లేట్‌లెట్లు పడటం మిగతావాళ్లకంటే ఎక్కువగా కనిపిస్తుంది. "మోతాదు మార్చక్కర్లేదు" అన్న మాటని "జాగ్రత్త అక్కర్లేదు" అని చదువుకోకూడదు. ఇన్సులిన్ వాడేవాళ్లలో షుగర్ పడిపోవచ్చని కూడా హెచ్చరిక ఉంది. మొదటి రాత్రి 68కి తిండి తక్కువ కావడంతోపాటు ఈ మందు పాత్ర కూడా ఉండి ఉండవచ్చు.

ఇంకేమైనా కావచ్చా

ఒక డయాగ్నసిస్‌ని గుడ్డిగా పట్టుకుని మూడు రోజులు పోగొట్టుకున్నాక, రెండోదాన్ని కూడా అలాగే పట్టుకోకూడదని జాగ్రత్తపడ్డాను. డెంగ్యూ ఐజీఎం ఒకసారి వచ్చాక రెండు మూడు నెలలు ఉండిపోవచ్చు, కార్డు టెస్టు తప్పుగా పాజిటివ్ కూడా చూపించవచ్చు. ల్యాబులో చేసే ఎలైజా పరీక్షకి పంపితే నెగటివ్ వచ్చింది. మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడితే బీ12 తగ్గి మూడు కణాలూ పడవచ్చు. బీ12 బాగానే ఉంది, ఎర్రకణాల సైజూ మామూలుగానే ఉంది. సెప్సిస్‌లో రక్తం గడ్డకట్టే వ్యవస్థ చెడిపోయిందా అంటే గడ్డకట్టే సమయం చూసే పీటీ, ఏపీటీటీ పరీక్షలు నార్మల్. రక్తపు చుక్కని మైక్రోస్కోపులో చూసే స్మియర్‌లో చెడ్డ కణాలు లేవు, చితికిన ఎర్రకణాలు లేవు. రెటిక్యులోసైట్లు (మజ్జ కొత్తగా వదిలిన ఎర్రకణాలు) 0.4 శాతం, అంటే ఇంత రక్తహీనతలోనూ మజ్జ కొత్త కణాలు వదలడం లేదు. కణాలు బయట నశించడం లేదు, లోపల తయారవడమే ఆగింది. లాక్టేట్ 3.1కి పెరిగింది, బైకార్బొనేట్ 18కి తగ్గింది. పది రోజుల వికారానికి అదీ ఒక కారణం కావచ్చు.

మజ్జ పరీక్ష చేయాలా? తెలిసిన హెమటాలజిస్టుతో ఫోన్లో మాట్లాడాను. మందు ఆపి పది రోజులు చూద్దాం, కౌంట్ తిరగకపోతే చేద్దాం అన్నారు. నాకూ అదే సబబు అనిపించింది. మందు ఆపడమే ఇక్కడ పరీక్షా, చికిత్సా.

ఆపాక బదులు ఏమివ్వాలి

లైనజోలిడ్ ఆ క్షణమే ఆగిపోయింది. ఆ వెంటనే అందరూ అడిగిన ప్రశ్న, బదులుగా ఏ యాంటీబయాటిక్? పాత కల్చర్ రిపోర్టు ఫొటో తెప్పించాం. క్లిండామైసిన్ పనికిరాదు, డీ టెస్ట్ పాజిటివ్, అంటే వాడుతుండగానే బాక్టీరియా దానికి లొంగకుండా పోవచ్చు. కోట్రైమాక్సజోల్‌కి బాక్టీరియా లొంగుతుంది. కానీ అది ఫోలేట్‌ని అడ్డుకుంటుంది, అణగిపోయిన మజ్జ మీద అది ఇంకో దెబ్బ. పైగా టెల్మిసార్టాన్ మీద, పాడైన కిడ్నీతో, పొటాషియం 5.2 ఉన్న మనిషికి ఆ మందు ప్రమాదం. టీకోప్లానిన్ ఇంజెక్షన్ అంటే మళ్లీ వారాల ఆసుపత్రి, అదీ ప్లేట్‌లెట్లని తగ్గించగలదు. మిగిలింది డాక్సీసైక్లిన్. కిడ్నీకి ఇబ్బంది లేదు, బాక్టీరియా లొంగుతుంది.

డాక్సీసైక్లిన్ రాయబోతూ ఆగాను. అసలు ఈ కాలికి ఇంకా యాంటీబయాటిక్ కావాలా? షుగర్ కాళ్ల మీద 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం, వేలు తీసేశాక మిగిలిన ఎముక అంచులో కూడా బాక్టీరియా ఉన్నా మూడు వారాల దాకా చాలు. ఎముక తీయకుండా మందుతోనే నయం చేయాలనుకుంటే ఆరు వారాలు. ఈమెకి ఎముక తీసేశారు, ఇంజెక్షన్లు కాక మాత్రలే ముప్పైఎనిమిది రోజులు పడ్డాయి. గాయం ఎండుతోంది, ప్రోబ్‌తో తడిమితే ఎముక తగల్లేదు, ఎక్స్‌రేలో కొత్తగా ఎముక అరిగిన జాడ లేదు, ఇన్ఫెక్షన్ ఉంటే పెరిగే సీఆర్‌పీ 14 మాత్రమే. ఆపరేషన్ చేసిన సర్జన్‌తో మాట్లాడాను. కాసేపు ఆలోచించి, "పుండు అంత బాగుంటే ఏమీ ఇవ్వకండి, నాలుగు రోజులకోసారి ఫొటో పంపండి" అన్నారు. ఆ మందు ఇంతకాలం నడుస్తోందని ఆయనకీ తెలియదు. రెండు వారాలకి రివ్యూకి వస్తారనుకున్నారట.

ఈ కేసులో నేను తీసుకున్న నిర్ణయాల్లో నాకు సంతృప్తి ఇచ్చింది ఇదొక్కటే. ఒక యాంటీబయాటిక్ హాని చేసినప్పుడు మన చెయ్యి వెంటనే ఇంకో యాంటీబయాటిక్ వైపు వెళ్తుంది. ఎన్ని రోజులు అవసరమో, ఎన్ని రోజులు అయ్యాయో ముందు లెక్కపెడితే, చాలాసార్లు రెండో మందు అక్కర్లేదు.

కష్టమైన వారం

మందు ఆపగానే కౌంట్ పెరుగుతుందని కుటుంబం ఆశపడింది. పెరగలేదు. ఆపాక నాలుగో రోజు హిమోగ్లోబిన్ 6.8కి వచ్చింది, కూర్చుంటేనే ఆయాసపడింది. ఒక యూనిట్ ఎర్రకణాలు నెమ్మదిగా ఎక్కించాం. అది అవసరమైన ఎక్కింపు. ఐదో రోజు ప్లేట్‌లెట్లు 24,000. ఆ పొద్దున పళ్లు తోముకున్నాక ఉమ్మిలో రక్తం చార కనిపించిందని సిస్టర్ చెప్పింది.

ఆ రోజు నాకు చాలా భారంగా గడిచింది. లైనజోలిడ్ కాకపోతే? లోపల లుకేమియా లాంటిదేదైనా ఉంటే? కొడుకు అదే అడిగాడు. నేను అతనికి లెక్క చెప్పాను: మజ్జలో ప్లేట్‌లెట్లు తయారుచేసే కణాలు ఎదిగి విడుదల చేయడానికి కొన్ని రోజులు పడుతుంది, ఈలోగా ఒంట్లో ఉన్న పాతవి వయసు తీరి పోతుంటాయి. కాబట్టి మందు ఆపిన నాలుగైదు రోజుల దాకా కిందికే వెళ్లొచ్చు. ఏడో రోజుకి నిలబడకపోతే మజ్జ పరీక్షకి సిటీకి పంపుతాను, తేదీ ఇప్పుడే పెట్టుకుందాం అన్నాను. గడువు చెప్పాక అతను ఊరట పడ్డాడు, నేనూ పడ్డాను. చిగుళ్ల రక్తం మెత్తటి బ్రష్‌తో, పుక్కిలింతతో ఆగిపోయింది. ఈసారి ప్లేట్‌లెట్లు ఎక్కించలేదు.

ఏడో రోజు 27,000. తొమ్మిదో రోజు 48,000. పన్నెండో రోజు 96,000, రెటిక్యులోసైట్లు 4 శాతం. ఆ రెటిక్ రిపోర్టు చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ప్లేట్‌లెట్ అంకె చూసినప్పటికంటే ఎక్కువ, ఎందుకంటే మజ్జ లేచి కూర్చుందని అదే ముందు చెబుతుంది. పదిహేడో రోజుకి ప్లేట్‌లెట్లు 1,70,000. లాక్టేట్ అప్పటికే నార్మల్, ఆకలి తిరిగొచ్చింది, ఇన్సులిన్ మళ్లీ పాత మోతాదుకి పెంచాల్సి వచ్చింది. విటమిన్ బీ6 కూడా ఇచ్చాం, హాని లేదని. దానివల్లే కోలుకుందని మాత్రం అనను.

మళ్లీ ఆ మందు వేసి చూడలేదు కాబట్టి నూటికి నూరుపాళ్లు రుజువైందని చెప్పలేం. ఒక హాని మందువల్లే వచ్చిందా అని అంచనా వేసే నరాంజో స్కోరు ప్రకారం "ప్రాబబుల్", అంటే బహుశా మందువల్లే. గజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడిపే ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే) కార్యక్రమానికి రిపోర్టు పంపాం. దీనికి 1800-180-3024 అనే ఉచిత ఫోన్ నంబరు ఉంది, పేషెంట్లు కూడా నేరుగా చెప్పవచ్చు.

ఇది చదివి టీబీ మందు ఆపొద్దు

మందులకి లొంగని టీబీలో ఇదే లైనజోలిడ్‌ని నెలల తరబడి వాడతారు, అక్కడ లెక్క వేరు. బెడాక్విలిన్, ప్రెటోమానిడ్ అనే టీబీ మందులతో కలిపి రోజుకి 1200 మిల్లీగ్రాములు ఇచ్చిన నిక్స్-టీబీ అధ్యయనంలో పదిమందిలో తొమ్మిదిమందికి నయమైంది, కానీ 48 శాతంలో మజ్జ అణగింది, 81 శాతంలో నరాలు దెబ్బతిన్నాయి. ఆ తర్వాత జెనిక్స్ అధ్యయనంలో అదే ఆరు నెలలు 600 మిల్లీగ్రాములే ఇస్తే నయమైనవాళ్లు 91 శాతం, మజ్జ అణగింది 2 శాతంలో. మన దేశంలో 2024లో అనుమతించిన బీపాల్ఎం అనే నాలుగు మందుల టీబీ చికిత్సా విధానంలోనూ ఈ మందు భాగమే. అక్కడ కౌంట్ పడితే మోతాదు తగ్గించడం, కొద్దిరోజులు ఆపి మళ్లీ మొదలుపెట్టడం చూస్తారు, ఎందుకంటే మందు మానితే ప్రాణానికి ముప్పు. ఆ నిర్ణయం టీబీ డాక్టరు తీసుకోవాలి, ఇంట్లో ఎవరూ తీసుకోకూడదు. మా పేషెంటుకి మందు అవసరమే తీరిపోయింది, అందుకే వెంటనే ఆపగలిగాం.

తర్వాత మా వార్డులో

ఇప్పుడు "ఏం మందులు వాడుతున్నారు?" అని అడగడం తగ్గించాం. "గత రెండు నెలల్లో నోట్లో వేసుకున్నవీ, పొడిపించుకున్నవీ అన్నీ, మందుల సంచి తెచ్చి మంచం మీద పరవండి" అంటున్నాం. కత్తిరించిన స్ట్రిప్పు కనిపిస్తే పేరు తెలిసేదాకా వదలం. తలగడ కింద, కిటికీలో, టిఫిన్ క్యారియర్ పక్కన ఏమైనా కవర్లున్నాయా అని సిస్టర్లు మొదటి పూటే చూస్తున్నారు. లైనజోలిడ్ మీద ఎవరిని ఇంటికి పంపినా చీటీ మీద రెండు తేదీలు ఎర్ర సిరాతో రాస్తున్నాం, సీబీసీ ఎప్పుడు, ఆపడం ఎప్పుడు. జ్వరం కేసుల షీటులో ప్లేట్‌లెట్ల పక్కనే హిమోగ్లోబిన్, పీసీవీ గళ్లు గీశాం, మూడూ ఒక్క చూపులో కనపడేలా.

అలా సంచులు పరిపించడం మొదలుపెట్టాక మిగతా యాంటీబయాటిక్స్ విషయంలోనూ కళ్లు తెరుచుకున్నాయి. తిండి తినలేని ముసలివాళ్లకి సెఫోపెరజోన్ వారం నడిస్తే విటమిన్ కె పని దెబ్బతిని, రక్తం గడ్డకట్టే సమయం చూపే ఐఎన్ఆర్ పెరగవచ్చు, అక్కడ ప్లేట్‌లెట్లు నిక్షేపంగా ఉండి కూడా రక్తం కారుతుంది, విటమిన్ కె ఇస్తే సర్దుకుంటుంది. పైపరాసిలిన్ వారాలు నడిస్తే తెల్లకణాలు తగ్గొచ్చు. సెఫ్‌ట్రియాక్సోన్ అరుదుగా ఎర్రకణాలని చితక్కొట్టేలా చేస్తుంది, అరుదే అయినా గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది.

పేషెంటు మూడో నెలలో చూపించుకోవడానికి వచ్చింది. హిమోగ్లోబిన్ 10.1, ప్లేట్‌లెట్లు 2,30,000, కాలి గాయం పూర్తిగా మూసుకుంది, మెత్తటి చెప్పులు వేసుకుని నడుస్తోంది. కాళ్ల మంటలు మాత్రం ఆపరేషన్‌కి ముందుకంటే ఎక్కువయ్యాయి, రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదంది. అందులో షుగర్ వాటా ఎంతో, లైనజోలిడ్ వాటా ఎంతో విడదీసి చెప్పే పరీక్ష లేదు. ప్రెగాబాలిన్ కిడ్నీకి తగ్గట్టు సర్దాను, కంటి చూపు, రంగుల చూపు పరీక్ష చేయించాను, అవి బాగున్నాయి. కోడలు ఈసారి సంచి మొత్తం తెచ్చింది. ఒక్కో స్ట్రిప్పు మీదా బాల్‌పెన్‌తో మందు పేరు, ఎందుకో, ఎప్పటిదాకానో తెలుగులో రాసిన చిన్న కాగితం ముక్కలు అంటించి ఉన్నాయి.